గిటారు మెడా, పిండిముద్దా

మగవాళ్ల జేబుల్లో భార్యలకు దొరకకూడనివి కొన్ని ఉంటాయని పెళ్లికి ముందే మా పిన్ని హెచ్చరించింది. ఆవిడ చెప్పిన జాబితాలో వెర్నియర్ కాలిపర్స్ లేదు. ఆ వానాకాలం మా ఆయన చొక్కాజేబులో నాకు దొరికింది అదే.

ఉతకడానికి వేస్తూ జేబు తడిమితే చల్లగా తగిలింది. పైకి తీశాను. డిగ్రీలో ఫిజిక్సు ల్యాబులో గోళీల మందం కొలిచి వదిలేశాక దాన్ని మళ్లీ చేత్తో పట్టుకోవడం అప్పుడే. ఇంకొకావిడైతే బల్లమీద పడేసి బట్టలు నానబెట్టుకునేది. నేను మాత్రం దాని దవడలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. వాషింగ్ మెషీనుని ఆనుకుని కాసేపు నిలబడ్డాను.

మా ఆయన గిటార్లు చేస్తాడు. మా ఇంటి ముందుగదిలో, ఒక్కొక్కటీ రెండుమూడు నెలల చొప్పున, చేత్తో. డొల్లకి, అంటే గిటారు పెట్టెకి, ఆయన దగ్గర లెక్కలున్నాయి, అచ్చులున్నాయి. మెడకి మాత్రం మామూలుగా ఏవీ ఉండవు. మెడ అంటే వాయించేవాళ్ల ఎడమచెయ్యి పట్టుకుని ఉండే, స్వరాల మెట్లున్న పొడుగాటి కర్ర. దాని వీపు చెక్కేటప్పుడు ఆయన కాసేపటికోసారి పనిముట్టు కింద పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేలితో పైనుంచి కిందిదాకా నిమురుతాడు. ఎక్కడో ఆగుతాడు. అక్కడ గీకుతాడు. "మెడని కొలవకూడదండీ, అడగాలి" అని ఒకసారి పత్రికవాళ్లతో అన్నాడు. వాళ్లు దాన్ని పెద్దక్షరాల్లో వేశారు. ఆ కాగితం ఫ్రేము కట్టి ముందుగదిలో గోడకుంది. ఆ ఫ్రేము కింద కూర్చుని, కాలిపర్సు పెట్టి మెడలు చెక్కేవాళ్లని ఆయన తిట్టని వారం మా ఇరవై రెండేళ్ల కాపురంలో లేదు.

అలాంటి మనిషి జేబులో అది దొరికింది. మళ్లీ అదే జేబులో పెట్టి, చొక్కా కొక్కేనికి తగిలించేశాను.

"చొక్కా ఉతకలేదేం?" అన్నాడు సాయంత్రం.

"మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయావా?"

"వయసు మీద పడుతోంది కదండీ."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. దొంగ ఆయనే అయినా గుండె నాది కొట్టుకుంది.

అప్పటికి గిటారు టీచరమ్మ మా ఇంటికొచ్చి పది రోజులైంది. ఒక మ్యూజిక్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. నలభై ఉంటాయి. ఎండాకాలంలో మెట్ల మీద జారిపడితే ఎడమచేతి బొటనవేలు విరిగిందట. ఎముక అతుక్కుంది గానీ వేలు ఇదివరకటిలా లోపలికి మడవడం లేదు. పాత గిటారు మెడ పట్టుకుంటే రెండు నిమిషాల్లో మణికట్టు దాకా నొప్పి పాకుతుంది.

"స్కూలు వానలు తగ్గాక తెరుస్తారు మేస్త్రిగారూ. తెరిచినరోజు నేను క్లాసులో వాయించి చూపించాలి. మూసేముందు నా కుర్చీలో వేరే అబ్బాయి కూర్చుని చెప్పాడు. మంచివాడు, పిల్లలకి బాగా నచ్చాడు" అంది. కాస్త ఆగి, "అదే నా భయం" అంది.

"మీ వేలు మడవకపోతే మెడే మీ వేలిదాకా వస్తుంది. డొల్ల ఎలాగూ ఒకటి తయారుగా ఉంది. రెండు నెలలు చాలు" అన్నాడు మా ఆయన. నావైపు తిరిగి, "పిండి కలుపు" అన్నాడు.

ఆయన పనికీ నా వంటింటికీ ఉన్న చుట్టరికం ఆ పిండిముద్ద ఒక్కటే. ఎవరి చెయ్యైనా మామూలుగా లేకపోతే, ఉప్పు వేసి గట్టిగా కలిపిన పిండిని సన్నటి పుల్లకి చుట్టి, గిటారు మెడని పట్టుకున్నట్టే వాళ్లని పట్టుకోమంటాడు. పుల్ల లాగేస్తాడు. చెయ్యి ఎక్కడ నిండాలో, ఎక్కడ ఖాళీ కావాలో ముద్ద మీద దిగిపోతుంది. పచ్చిగా ఉండగానే దారంతో అడ్డంగా కోసి, కోసిన ఆకారాన్ని టిన్నురేకు మీద గీసుకుంటాడు. ఆ రేకే అచ్చు. మెడ వీపుకి ఆ అచ్చు సరిగ్గా ఆనేదాకా చెక్కడం, ఆ తర్వాత చేత్తో అడగడం.

టీచరమ్మ ముద్దని పట్టుకుంది. వంకర బొటనవేలు పడిన చోట గుంట చూసి ఆవిడే మొహం తిప్పుకుంది.

ఎప్పుడూ గంటలోపల కోసేసే మనిషి ఆ రోజు ముద్దని అలమరలో పెట్టి "రేపు చూద్దాం" అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోరోజూ అదే. వాన విడవకుండా పడుతోంది, ఇంట్లో అగ్గిపుల్ల కూడా మెత్తబడిపోయింది. మూడోరోజు చూద్దును కదా, ముద్ద మీద బూజు చుక్కలు. టీచరమ్మ చెయ్యి మా అలమరలో కుళ్లిపోతున్నట్టనిపించింది. కలప చెమ్మగిల్లకుండా ముందుగదిలో ఒక చెక్కపెట్టెలో ఎప్పుడూ రెండు బల్బులు వెలుగుతుంటాయి. ముద్దని తీసుకెళ్లి వాటి కింద పెట్టాను. మర్నాటికి రాయిలా ఎండింది. బూజు పోయింది. ఎంత బుద్ధిమంతురాలినో అని నన్ను నేనే మెచ్చుకుని ముద్దని మళ్లీ అలమరలో పెట్టేశాను.

ఆయన దాన్ని తీసి, దారంతో కుదరక రంపంతో కోసి, రేకు మీద గీసుకున్నాడు. ఒక్క ముక్క అనలేదు. నేనూ అనలేదు. ఆయన మెచ్చుకుంటాడేమోనని రెండుసార్లు అటువైపు వెళ్లొచ్చాను కూడా.

కాలిపర్సు దొరికిన తర్వాత నాకు ఆయన్ని గమనించడం పనైపోయింది. గది ఊడ్చే నెపంతో వెళ్లేదాన్ని. రోజుకి మూడుసార్లు ఊడిస్తే ఎవరికైనా అనుమానం రావాలి. ఆయనకి రాలేదు. అది కూడా నాకు భయమే, ఎందుకంటే మామూలుగా ఆయన ఒక్కసారి ఊడ్చినా "దుమ్ము లేపకు" అని కసురుకునేవాడు. వీపు నాకు పెట్టి కూర్చునేవాడు. మోచేతుల కదలిక చూస్తే తెలిసేది: చెక్కడం, అచ్చు పెట్టి చూడడం, జేబులో చెయ్యి పెట్టడం, కొలవడం. కళ్లు మూసుకోవడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం మా అత్తయ్య నన్ను సైగ చేసి పిలిచింది. ఆవిడకి చెవులు అంతంతమాత్రం, కళ్లు మాత్రం డేగవి. కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఇంట్లో జరిగేవన్నీ చూస్తుంటుంది.

"అమ్మాయ్, వాడికి చెయ్యి కాలడం లేదే" అంది.

"అంటే?"

"ఇందాక టీ ఇచ్చావు చూడు, స్టీలు గ్లాసులో. నేను పైట కొంగుతో పట్టుకున్నాను. వాడు ఉత్త చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. గ్లాసు కింద పెట్టాక వేళ్లు చూశాను. ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వాడికి తెలీనే లేదు."

"చల్లారిందేమోలే అత్తయ్యా."

"నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా దగ్గరెందుకే దాపరికం" అని ఆవిడ కిటికీవైపు తిరిగిపోయింది.

అడగొచ్చు కదా, అని మీరనుకోవచ్చు. ఇరవై రెండేళ్లు ఆ చేతి మీద బతికిన ఇల్లిది. అడిగితే ఆయన లేదంటాడు. లేదన్నాక మళ్లీ అడగడానికుండదు. అవునంటే ఏం చెయ్యాలో అంతకంటే తెలీదు. ఆ వారమంతా రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లార్చిన టీ ఇచ్చాను. ఆయన "బాగుంది" అనే తాగాడు.

ఆ తర్వాత ఒక పొద్దున వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఇదిగో, పట్టుకో" అన్నాడు.

మా ఇంట్లో ఇది పాత అలవాటు. మెడ చివరికొచ్చాక నా చేతిలో పెట్టి, "ఎలా ఉంది?" అంటాడు. నేను పొయ్యి మీద ఒక కన్నేసి, ఎడమచేత్తో పట్టుకుని, "బానే ఉంది" అనో, "ఇక్కడేదో అడ్డం పడుతోంది" అనో అంటాను. నాకు గిటారు వాయించడం రాదు. కానీ ఇన్నేళ్లలో నా అరచెయ్యి వందకి పైగా మెడలు పట్టుకుంది. ఎవరూ ఆ లెక్క రాయలేదు, నాతో సహా.

ఆ రోజు పట్టుకోగానే చెయ్యి ఖాళీగా అనిపించింది. గరిటె కాడ పట్టుకున్నట్టుంది.

"సన్నంగా లేదూ?" అన్నాను.

"ఆవిడ చెయ్యి అంతే అడిగింది."

"మడవని వేలికి మెడ నిండుగా ఉంటేనే కదా ఆనుకోడానికి..."

"అచ్చు తీసింది నేను. నీకేం తెలుసు?" అని లాక్కున్నాడు. "మొదటి మెట్టు దగ్గర ఇంకో మిల్లీమీటరు ఉంది. రేపు అది తీసేస్తే ఐపోయినట్టే."

మిల్లీమీటరు అన్నాడు. మెడ గురించి ఆయన నోట ఆ మాట ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

పొయ్యి కట్టేసి గట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా పొద్దున రొట్టెలు చేస్తే మిగిలిన పిండి ముక్క, మూత పెట్టడం మర్చిపోతే ఎండి, గిన్నె అంచునుంచి విడిపోయి, నడుమకి ముడుచుకుని ఉంది. పొద్దున అది గిన్నె అంచుకి అతుక్కుని ఉండడం నాకు బాగా గుర్తు. దాన్ని చూస్తూ ఎంతసేపున్నానో తెలీదు. బల్బుల కింద నేను ఎండబెట్టిన ముద్ద గుర్తొచ్చింది.

డిగ్రీ అయ్యాక నేను చేసిన మొదటి ప్రయోగం ఆ రోజే. పిండి కలిపి, ఉప్పు వేసి, అప్పడంలా ఒత్తి, గ్లాసు మూతితో గుండ్రంగా కోసి, బల్బుల పెట్టెలో ఒక మూల పెట్టాను. ఆయన భోజనానికి లేచినప్పుడు చొక్కా కుర్చీ మీద ఉంది. జేబులోంచి కాలిపర్సు తీసి పిండి బిళ్లని కొలిచాను: డెబ్బై మిల్లీమీటర్లు. మర్నాడు మళ్లీ దొంగతనంగా కొలిచాను: అరవై మూడు. పదోవంతు ఎగిరిపోయింది. అంటే టీచరమ్మ చెయ్యి ఇరవై ఒకటి అడిగితే, నేను ఎండబెట్టిన ముద్ద పంతొమ్మిది చెప్పింది.

మెడ లోపల ఒక గాడి ఉంటుంది. తీగల లాగుడికి కర్ర వంగకుండా అందులో ఇనప కడ్డీ పెట్టి, పైన నల్లచెక్క పట్టీ అతికిస్తారు. ఆ పట్టీ మందం, గాడి లోతు నాకు తెలుసు; ఎన్నిసార్లు జిగురు పట్టుకుని పక్కన నిలబడలేదు. ఆ రెండూ తీసేస్తే ఇప్పుడు వీపున మిగిలేది మూడు మిల్లీమీటర్ల కర్ర. ఇంకొకటి తీస్తే రెండు. తీగలు బిగించిన రోజున కడ్డీ వీపు చీల్చుకుని బయటికి రావచ్చు. అది టీచరమ్మ క్లాసులో, పిల్లల ముందు కావచ్చు.

ముందుగదిలోంచి చెక్కుతున్న చప్పుడు వినిపించింది. పరిగెత్తలేదు గానీ, నడిచానని కూడా చెప్పలేను.

"ఆపండి."

ఆయన తలెత్తలేదు. "ఒక్క నిమిషం."

"ఆ ముద్దని బల్బు కింద పెట్టి ఎండబెట్టింది నేనే. బూజు పడుతోందని. ఎండితే పదోవంతు ముడుచుకుంటుంది. కొలిచి చూశాను. మీ అచ్చు తప్పు."

చెక్కుతున్న చిత్రిక ఆగింది. ఆయన అచ్చురేకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మొహంలో కోపం వస్తుందని చూస్తున్నాను. రావాలనే కోరుకున్నాను.

"నువ్వు చెప్పకుండా ఎందుకు పెట్టావు?" అన్నాడు మామూలుగా.

"మంచి పనే అనుకున్నాను."

"సరే. ముద్ద తప్పు చెప్పింది. అచ్చు తప్పు చెప్పింది. అయినా పట్టుకోగానే నా చేతికి తెలియాలి కదా ఇంత సన్నమైందని..."

బయట వాన. చూరునుంచి నీళ్లు బకెట్లో పడుతున్నాయి. ఆయన కుడిచేతి బొటనవేలుని చూపుడువేలి మీద రాసుకున్నాడు, అక్కడ వేలుందో లేదో చూసుకుంటున్నట్టు.

జేబులోంచి కాలిపర్సు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఎండాకాలంలో ఒక వేలు. ఇప్పుడు మూడు." తర్వాత, "నువ్వెప్పుడు చూశావు?"

"చొక్కా ఉతకనిరోజు."

తలూపాడు. నేను వెళ్లి బకెట్లో నీళ్లు పారబోసొచ్చాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు మా ఆయన్ని కళ్లు మూసుకోమని వేళ్ల మీద సూదిమొన ఆనించి, "తెలుస్తోందా?" అని అడుగుతూ పోయాడు. నేను పక్కనే కూర్చుని సూదినే చూస్తున్నాను. ఆయన "ఆఁ" అన్నప్పుడల్లా సూది అక్కడ లేదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, కోసి వదులు చెయ్యాలనీ డాక్టరు చెప్పాడు.

"స్పర్శ తిరిగొస్తుందా?" అని నేనడిగాను.

"కొంత రావచ్చు. రాకనూ పోవచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం రాదు. ఆపరేషనయ్యాక ఆరు వారాలు పనిముట్టు ముట్టుకోకూడదు."

స్కూలు తెరవడానికి ఐదు వారాలుంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా ఆయన, "టీచరమ్మకి ఫోన్ చెయ్యి. మా వల్ల కాదని చెప్పు. ఫ్యాక్టరీవాళ్లయితే మెషీను మీద ఏదో ఒకటి చేసిస్తారు" అన్నాడు. అని పక్కగదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పగటిపూట ఆయన పడుకోవడం నేను జ్వరాల్లో తప్ప చూడలేదు.

ఆయన చెప్పినట్టే ఫోన్ చేశాను. చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. "టీచర్‌గారూ, మొదటి ముద్ద నా వల్ల పాడైంది. రేపొచ్చి ఇంకోసారి పట్టుకోవాలి" అన్నాను.

మర్నాడు పదింటికి ఆవిడ గొడుగు దులుపుకుంటూ గుమ్మంలో నిలబడేసరికి మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"ఫోన్లో ఏం చెప్పావు నువ్వు?" అన్నాడు గొంతు తగ్గించి.

"వాన చప్పుడు కదండీ. ఆవిడకి సగమే వినపడినట్టుంది."

వచ్చిన మనిషిని వెళ్లిపొమ్మనడం ఆయన చేత కాదు. ముద్ద పట్టించాడు. ఈసారి పచ్చిగానే, ఆవిడ ముందే, దారంతో కోశాం. దారం నేను లాగాను. ఆవిడకి చెయ్యి సంగతి ఆయనే చెప్పాడు, పొడిపొడిగా, ఎవరి చెయ్యో అన్నట్టు. ఆవిడ తన వంకర వేలుని రెండోచేత్తో కప్పుకుని విన్నది.

"మరి ఎవరు చెక్కుతారు మేస్త్రిగారూ?"

కిటికీ పక్కనుంచి మా అత్తయ్య అంది: "ఎవరేంటి, మా కోడలుందిగా, అదే చెక్కుతుంది. నువ్వు కూర్చుని తిట్టరా. ఇద్దరికీ అలవాటైన పనే."

ఇన్నాళ్లూ ఆవిడకి చెవులు వినపడవనే అనుకున్నాం.

ఆయన ఎప్పుడూ ఒకే పలకనుంచి రెండు మెడలు కోసి పెట్టుకుంటాడు, ఒకటి వంకర తిరిగినా రెండోది ఉంటుందని. గాడి, డొల్లలో కూర్చునే అతుకు అన్నీ అందులో ఐపోయి ఉన్నాయి. వీపే చెక్కాలి. నల్లపట్టీ మాత్రం మొదటి మెడకి అతికి ఉంది. దాని మీద ఇస్త్రీపెట్టె వేడిగా పెట్టి జిగురు కరిగించి ఊడదీయాలన్నాడు. ఇస్త్రీపెట్టె ఆయన చేతికివ్వలేదు. కాలినా తెలియని చేతికి ఎవరిస్తారు. నేను పెట్టాను, అంగుళం అంగుళం, సన్నటి కత్తి దోపుతూ. పట్టీ చీలితే ఆ నల్లచెక్క మళ్లీ దొరకడానికి నెల పడుతుందని ఆయన సరిగ్గా సగంలో ఉన్నప్పుడు చెప్పాడు. ముందే చెబితే నేను మొదలుపెట్టనని తెలుసు. చీలకుండా వచ్చింది. నా జాకెట్టు మాత్రం వీపంతా తడిసిపోయింది. పాడైన మెడని అత్తయ్య కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

ఆపరేషన్ ముందురోజుకల్లా పట్టీ కొత్త మెడకి అతికించాం. ఆయన పనిముట్లు వరసగా బల్లమీద పెట్టి, ఒక్కొక్కదాన్నీ ఎలా పట్టుకోవాలో చూపించాడు. చూపిస్తున్నంతసేపూ నా వేళ్లనే చూశాడు. ముందు మూడు వృథా ముక్కల మీద చెక్కించాడు. మొదటి ముక్క చూసి, "కూరలకి చెక్కు తీస్తున్నావనుకున్నావా?" అన్నాడు. రెండోదానికి ఏమీ అనలేదు. మూడోదాన్ని ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు నిమిరి, "రేపు నేను ఆసుపత్రిలో ఉండగా అసలుది ముట్టుకోకు" అన్నాడు. ముట్టుకోలేదు. ముట్టుకోవాలని ఉందని మాత్రం అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కట్టుతో ఇంటికొచ్చిన మూడోరోజున మొదలుపెట్టాం. ఆయన స్టూలు మీద, చెయ్యి దిండు మీద. నేను బల్ల దగ్గర, నడుముకి చెంగు దోపుకుని. ఆ పది రోజులు వంట అత్తయ్య చేసింది. తిన్నాం, అంతకంటే ఏం చెప్పను.

రెండు పిడుల చిన్న చిత్రిక దగ్గరికి లాక్కుంటుంటే చెక్క పేళ్లు చుట్టలు చుట్టుకుని ఒళ్లో పడేవి. బాగా లేచిన పేడు చూసి సంబరపడబోయేలోపు, అంత కర్ర పోయిందే అని దాన్ని తీసి బల్లమీద పెట్టి చూసుకునేదాన్ని. పోయిన కర్ర మళ్లీ రాదు. వంటలో ఉప్పెక్కువైతే నీళ్లు పోస్తాం. దీనికి అలాంటిదేం లేదు. వేలికి మెత్తగా తగిలినప్పుడల్లా గాడి దగ్గరికి వచ్చేశానేమోనని చిత్రిక కింద పెట్టేసేదాన్ని.

"ఆపు" అనేవాడు. ఆపేదాన్ని.

"నిమిరి చూడు. ఏం తెలుస్తోంది?"

"ఏం తెలీడం లేదు."

"అబద్ధం. కనుబొమ్మ ముడిచావు. చెప్పు."

"కుడివైపు... ఇక్కడ కొంచెం కండ ఉన్నట్టుంది."

"ఎంత?"

"కొలిచి చూడనా?"

కాలిపర్సు బల్లమీదే ఉంది. ఆయన దానివైపు చూశాడు, నావైపు చూశాడు. "వద్దు. నువ్వే చెప్పు."

"రెండుసార్లు గీకితే పోయేంత."

"ఐతే ఒకసారి గీకి, మళ్లీ చూడు."

ఒక్కోసారి నేను కళ్లు మూసుకుని నిమురుతూ తెరిచేసరికి ఆయన కూడా కళ్లు మూసుకుని ఉండేవాడు. కట్టులోంచి బయటికున్న వేళ్లు దిండు మీద చిన్నగా కదులుతుండేవి. అలాంటప్పుడు నేను మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని.

పదో రోజు, "నాకిక చెప్పడానికేం లేదు. ఆవిడని పిలువు" అన్నాడు. ఇంకా మెట్లకి లోహపు తీగముక్కలు కొట్టాలి, మెడని డొల్లకి బిగించాలి, పాలిష్ పట్టాలి. వాటికి, మెడ చెక్కడం తను ఎప్పుడూ నేర్పని ఇద్దరు పాత శిష్యుల్ని పిలిపిస్తానన్నాడు. వీపు సరిగ్గా లేకపోతే మాత్రం అవేవీ అక్కర్లేదు. మూడో మెడ లేదు. దానికి టైమూ లేదు.

శనివారం మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. నేను మొహం కడుక్కుని, చీర మార్చుకుని, ఎందుకు మార్చుకున్నానో తెలీక మళ్లీ పాతదే కట్టుకున్నాను. ఆవిడ కూర్చుని, ఉత్త మెడని ఒడిలో ఆనించుకుని, ఎడమచేత్తో మొదటి మెట్టు దగ్గర పట్టుకుంది. వేళ్లు పట్టీ మీద నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. గడియారం చూడకూడదనుకుంటూ చూశాను. రెండు నిమిషాలు దాటింది. మూడైంది. నాలుగైంది.

"నొప్పి లేదు" అంది ఆవిడ, వేలితోనే అంటున్నట్టు నెమ్మదిగా. "ఇంకా రాలేదు."

ఆవిడ కళ్లు మూసుకుని చేతిని మెల్లగా కిందికి జరిపింది. మూడు, నాలుగు, ఐదు. ఏడో మెట్టు గీత దగ్గర ఆగిపోయింది. వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లి అక్కడే ఆగింది.

"ఇక్కడేదో తగులుతోంది మేస్త్రిగారూ. చాలా చిన్నది. వేగంగా వెళ్లేటప్పుడు బొటనవేలు ఆగిపోతుంది" అని మెడని ఆయనవైపు చాపింది.

ఆయన ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. చాపలేదు.

"నాకు కాదు. మెడ పని మా ఆవిడది" అన్నాడు.

తీసుకున్నాను. నా చేతులు చల్లగా ఉన్నాయి, కర్ర ఆవిడ చేతి వెచ్చదనంతో ఉంది. కళ్లు మూసుకుని ఐదునుంచి దిగాను. ఏడు దగ్గర, ఎడమవైపు ఒంపులో, ఉంది, చిన్న కండ. నేనే వదిలేశాను. పొద్దున కూడా దాని మీదుగా వెళ్లి ఉంటాను. తీయడానికి పెద్ద పనేం కాదు, కానీ ఎక్కువ తీస్తే అక్కడ గుంట పడుతుంది, గుంట పడితే చుట్టూ అంతా దింపాలి, అంతా దింపితే గాడి.

"ఎంతసేపు పడుతుంది?" అని టీచరమ్మ ఆయన్ని అడిగింది.

ఆయన ఆవిడతో పాటు తనూ నావైపు తిరిగి జవాబు కోసం చూడసాగాడు.

"పావుగంట. కూర్చోండి" అన్నాను.

ముప్పావుగంట పట్టింది.